ఎదురునీటిలో ఊపిరి

మా ఊరు ప్రత్తిపాడుకు ఆవల, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. పత్తి, మిరప పండే ఊరు. ఆ రోజుల్లో మా వైపు కాలువ లేదు, చెప్పుకోదగ్గ ఏరూ లేదు. నీళ్ళంటే బావిలో నీళ్ళే. అలాంటి ఊళ్ళో పుట్టినవాణ్ణి సగం జీవితం నీళ్ళ అడుగున గడిపానంటే మావాళ్ళు ఇప్పటికీ సరిగా నమ్మరు.

చిన్నప్పటి నుంచీ నాకున్న విద్య ఒకటే. ఎవరి బావిలోనైనా చేద తెగి పడితే, కొక్కేలు వేసి వేసి విసిగిపోయాక నన్ను పిలిచేవారు. ఊపిరి బిగబట్టి మునగడం, అడుగున బురదలో చేతులతో తడుముకోవడం, దొరికినదాన్ని పట్టుకుని పైకి రావడం. బిందెలు తీశాను, గిలకలు తీశాను, ఒకావిడ వెండి కడియం తీశాను. అది బతుకుతెరువు అవుతుందని ఎన్నడూ అనుకోలేదు.

పెళ్ళయిన రెండో ఏడు నా భార్య జ్వరంతో పోయింది. మిరపకాయ కోతల రోజులవి. తొమ్మిది రోజులు మంచంలో ఉంది, పదో రోజు లేదు. ఆ తర్వాత కూడా అన్నయ్య ఇంట్లోనే ఉన్నాను. వదిన వేళకు పిలిచి అన్నం పెట్టేది. ఇంట్లో ఎవరూ ఆమె పేరు ఎత్తేవారు కారు. నా మనసు కష్టపెట్టకూడదని అలా ఉన్నారని తెలుసు. కాని ఆమె అసలు ఆ ఇంట్లో తిరగనే లేదన్నట్టు రోజులు గడుస్తుంటే నాకు ఊపిరాడేది కాదు. పొన్నూరు వైపు కాలువ మీద లస్కరు పని ఖాళీగా ఉందని ఎవరో చెప్పారు. ఒక ట్రంకుపెట్టె పట్టుకుని వెళ్ళిపోయాను. యాభైల చివరి మాట ఇది.

లస్కరంటే కాలువను కనిపెట్టుకుని ఉండే మనిషి. నీటి తలుపులు ఎత్తడం, దించడం, గట్లు చూడడం, కొట్టుకొచ్చిన గుర్రపుడెక్కను లాగి పారెయ్యడం మా పని. మాది మూడు తలుపుల రెగ్యులేటరు. రాతి స్తంభాల మధ్య ఇనప తలుపులు, పైన వాటిని లేపే పళ్ళచక్రాలు. పక్కనే రెండు గదుల పెంకుటిల్లు. ఒక గదిలో తాళ్ళు, పారలు, గ్రీజు డబ్బాలు. రెండో గదిలో నేను. నాతోపాటు ఇంకొక లస్కరు ఉండేవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. అతనిది పక్క ఊరే, భార్యా పిల్లలూ ఉన్నవాడు. పొద్దు వాలగానే, "వస్తానొరేయ్, తలుపులు చూసుకో" అని సైకిలెక్కేవాడు. ఇక తెల్లవారి అతను వచ్చేదాకా నాకు మనిషి గొంతు వినిపించేది కాదు. తలుపుల కిందనుంచి దూకే నీళ్ళ హోరే. మొదటి నెలల్లో ఆ హోరు నిద్రపట్టనిచ్చేది కాదు. తర్వాత తర్వాత వేసవిలో కాలువ కట్టేస్తే, ఆ హోరు లేక నిద్రపట్టేది కాదు.

అరవైల్లో ఒకనాడు మా ఓవర్సీరు గారు వచ్చి, "నువ్వు బావుల్లో మునిగేవాడివటగా?" అని అడిగారు. నీళ్ళ అడుగున తలుపులూ పునాదులూ చూడడానికి శాఖ వాళ్ళు ఒక మనిషికి పని నేర్పించాలనుకుంటున్నారు. పోవడానికి ఇష్టపడినవాళ్ళు మరెవరూ లేరు. నాకు పోవద్దని చెప్పేవాళ్ళు లేరు. విశాఖపట్నంలో ఆరు వారాలు నేర్పించి, సామాను ఇచ్చి పంపారు. వీపున కట్టుకునే గాలి సిలిండరు, దాని నుంచి నోటికి వచ్చే రబ్బరు గొట్టాలు, కళ్ళకు అద్దం, కాళ్ళకు తొడుక్కునే కప్పకాళ్ళు, నడుముకు సీసపు బిళ్ళల పట్టా. సిలిండర్లు నాలుగు. ఖాళీ అయితే లారీలో బెజవాడ వెళ్ళి గాలి నింపుకుని రావాలి, వారం పట్టేది. లోపల ఎంత గాలి మిగిలిందో చూపే ముల్లు కూడా లేదు. గాలి అడుగంటుతుంటే పీల్చడం బిగుసుకుపోతుంది. అప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి ఒక కడ్డీ కిందికి లాగితే ఇంకాస్త గాలి వస్తుంది. ఆ కాస్తతో పైకి వచ్చెయ్యాలి.

నేను మొదటిసారి దిగినప్పుడు గట్టు మీద జనం కిక్కిరిసి చూశారు. పదోసారికి ఎవరూ రాలేదు. జిల్లాలో ఆ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే. కింద చూసింది ఎవరితోనన్నా చెప్పుకుందామంటే, అది ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు లేరు. "ఏముంటాయిరా లోపల?" అని అన్న అడిగితే, "ఏమీ కనపడదన్నా, బురద నీళ్ళు" అనేవాణ్ణి. అది నిజమే. కాని అంతే కాదు.

ఆ ఏడు నాట్ల రోజుల్లో కాలువ నిండుగా పారుతోంది. మధ్య స్తంభానికి దిగువన నీళ్ళు ఒకచోట సుడి తిరుగుతూ పైకి ఉబుకుతున్నాయని ఓవర్సీరు గారు కనిపెట్టారు. వెదురు గడ దింపి చూస్తే, అడుగున పరిచిన రాతిపరుపు తగలాల్సినచోట తగలకుండా దిగబడిపోయింది. స్తంభం కింద ఎంత కోసుకుపోయిందో తెలియాలి. నీళ్ళు ఆపితే తేలిగ్గా తెలుస్తుంది. ఆపుతారేమోనన్న మాట వినగానే దిగువ ఊళ్ళ రైతులు పదిమంది గట్టుమీదికి వచ్చారు.

"ఏమయ్యా, ఇప్పుడు నీళ్ళు కట్టేస్తే మా నాట్లు ఏమైపోవాలి? ఊడ్చి వారం కాలేదు!" అని ఒకాయన కేకలేశాడు.

"రెగ్యులేటరు కూలిపోతే ఈ ఏడే కాదు, వచ్చే ఏడు కూడా నాట్లుండవు" అన్నారు ఓవర్సీరు గారు. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా, "పారే నీళ్ళలో దిగి చూడగలవా?" అన్నారు. చూస్తానన్నాను.

విశాఖలో నేను నేర్చుకున్నది నిలకడ నీళ్ళలో. ఇక్కడ మధ్య తలుపు దించేసినా, అటూ ఇటూ తలుపుల నుంచి దూకే నీళ్ళు స్తంభం దిగువన కలబడి లాగుతున్నాయి. నడుముకు తాడు కట్టుకున్నాను. అన్న గట్టున తాడు పట్టుకుని గడియారం చూస్తూ నిలబడ్డాడు. నేను గట్టు నుంచి దిగి, కప్పకాళ్ళతో శక్తికొద్దీ తన్నుకుంటూ స్తంభం వైపు ఈదాను. పది బారలు ఈదితే వడి ఆరు బారలు వెనక్కి తోసేసేది. వగర్పు వచ్చేసింది. గాలి గబగబా పీలుస్తున్నాను, అది చాలడం లేదు. స్తంభం చేతికి అందకముందే పీల్చడం బిగుసుకుంది. కడ్డీ లాగాను. లాగిన మరుక్షణం కాళ్ళు ఆపానో లేదో, నీళ్ళు నన్ను ఎత్తుకుపోయి దిగువన జమ్ములో పడేశాయి.

అన్న పరిగెత్తుకొచ్చి లాగాడు. "పన్నెండు నిమిషాలురా" అన్నాడు. విశాఖలో అదే సిలిండరు నాకు ముప్పావుగంట వచ్చేది.

మర్నాడు ఇంకో తెలివి చేశాను. బావిలో అలవాటే కదా అని, ఒకసారి పీల్చి బిగబట్టి, వీలైనంతసేపు ఆగి, మళ్ళీ పీల్చాను. గాలి కాసేపు ఎక్కువ వచ్చిన మాట నిజమే. కాని స్తంభం దగ్గరికి చేరేసరికి తల పగిలిపోతున్నట్టు నొప్పి. ఎక్కడున్నానో, ఏం చెయ్యాలో తోచలేదు. తాడు మూడుసార్లు గుంజితే అన్న లాగేశాడు. గట్టుమీద కూర్చుని వాంతి చేసుకున్నాను. ఓవర్సీరు గారు నా వైపు చూడకుండా నీళ్ళ వైపు చూస్తూ, "ఖాళీ అయిన రెండూ నింపించుకు రమ్మంటాను. వారం టైముంది. అప్పటికీ కాకపోతే కాలువ కట్టెయ్యక తప్పదు" అన్నారు.

రోజూ పొద్దున్నే ఒక ముసలాయన వచ్చి మా రెగ్యులేటరు గోడమీద కూర్చునేవాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల గుళ్ళలో, పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించిన మనిషి. పళ్ళు ఊడిపోయి పెదాల మధ్య పీక నిలవక మానేశాడు. భార్య పోయింది, ఒక్క కూతురు చీరాలలో ఉంటుంది. ఎందుకొస్తావు తాతా అని ఒకసారి అడిగితే, "ఇంట్లో చప్పుడు లేదురా అబ్బాయ్. ఇక్కడ నీళ్ళు శ్రుతి వేస్తుంటాయి" అన్నాడు. అంతకుమించి మేమిద్దరం మాట్లాడుకున్నది తక్కువ. ఆ వాంతి చేసుకున్నరోజు అతను గోడ దిగి నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు నీళ్ళలో ఉన్నప్పుడు పైకి బుడగలొస్తాయే, నేను అవే చూస్తున్నాను. నిన్న బెదిరిన ఎద్దు పరిగెత్తినట్టు వచ్చాయి. ఇవాళ అసలు రాకుండా, ఒక్కసారిగా బుడబుడమని వచ్చాయి. రెండూ చెడ్డవే."

"గాలి చాలటంలేదు తాతా."

"చాలకపోవడం కాదు. గాలి తీసుకోవడం మీదే నీ బెంగంతా. పాతది పూర్తిగా పోకుండా కొత్తదానికి చోటెక్కడిది? మాకు మొదట నేర్పేది వదలటం. ముహూర్తం ఆలస్యమయిందంటే గంటసేపు వాయించాలి. వగరిస్తూ వాయిస్తే కుదురుతుందా?"

పెరట్లోకి వెళ్ళి బొప్పాయి ఆకు ఒకటి కోసుకొచ్చి, ఆకు తుంచేసి కాడ నా చేతికిచ్చాడు. చెంబునిండా నీళ్ళు తెమ్మన్నాడు. కాడ ఒక కొస నీళ్ళలో పెట్టి ఊదమన్నాడు. ఊదాను. నీళ్ళు చిమ్మి ఇద్దరి ముఖాలమీదా పడ్డాయి.

"ఊదమంటే ఇల్లు ఎగరగొట్టమన్నట్టు కాదురా. ఆవగింజలంత బుడగలు రావాలి. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ రాకూడదు."

తొడమీద చేత్తో తాళం వేస్తూ తకధిమి, తకధిమి అని లెక్కపెట్టేవాడు. ఒక తకధిమి పీల్చడం, రెండు తకధిములు వదలడం. మధ్యలో బిగబట్టకూడదు. వదలడం అయిపోయాక కంగారుపడి పీల్చకూడదు, దానంతటది రావాలి. మొదటి రెండు రోజులూ పదిసార్లు చేసేసరికి నాకు చెమటలు పట్టేవి. మూడోరోజు ఇసక గోతం భుజానికెత్తుకుని గట్టుమీద నడవమన్నాడు. నడుస్తుంటే లెక్క తప్పింది, వగర్పు మొదలైంది.

"ఆగు. ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు.

"గట్టిగా పీలుస్తాను."

"అదే తప్పు. అడుగు నెమ్మది చెయ్యి. ఊపిరి నీ పని వెంట పరిగెత్తకూడదు. నీ పనే ఊపిరి వెంట నడవాలి."

గోతంతో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాను. చూసినవాళ్ళు నాకు మతి పోయిందనుకునే ఉంటారు. అన్న అయితే అనేశాడు కూడా.

మిగతా పొద్దంతా నేను నీళ్ళను చూస్తూ కూర్చునేవాణ్ణి. గడ్డిపరకలు విసిరి చూస్తే, స్తంభానికి సరిగ్గా వెనక నురగలో చిక్కి కదలకుండా నిలబడి ఉండేవి. స్తంభం చాటున నీళ్ళకు ఊపు లేదన్నమాట. వెదురు గడ దింపితే పైభాగాన్ని లాగినంతగా అడుగును లాగడంలేదు. అంటే నేను మొదటిరోజు చేసినవన్నీ తలకిందుల పనులే. వడి ఎక్కువ ఉన్నచోట, పైపైన, దానికి అడ్డంగా ఈదాను. ఈదకూడదు. స్తంభం మీద నుంచి దాని చాటునే దిగాలి. అడుగుకంటా చేరి పొట్ట ఆనించి పాకాలి. కాళ్ళు ఆడించకుండా చేతులతో లాక్కుంటూ పోవాలి. స్తంభం వెనక ఇనప నిచ్చెన దింపించాను. రాయి కట్టిన తాడొకటి నీటి అడుగున బిగించి పట్టుగొమ్మగా పెట్టుకున్నాను. తేలిపోకుండా సీసపు బిళ్ళలు ఇంకో రెండు నడుముకు చేర్చాను. ఎనిమిదో రోజు పొద్దున దిగాను.

నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, చెయ్యి ముఖం దగ్గర పెట్టుకున్నా కనపడలేదు. నిచ్చెన మెట్టుమెట్టుకూ ఆగి ఒక ఊపిరి పూర్తిగా వదిలాను. రెండు నిలువుల లోతున పాదాలకు రాయి తగిలింది. బోర్లా పడుకుని తాడు పట్టుకున్నాను. పైన తలమీదుగా నీళ్ళు పరిగెడుతున్న చప్పుడు, కింద నేను తకధిమి అనుకుంటూ జానెడు జానెడుగా పాకుతున్నాను. ఆ లెక్క ఎవరో పక్కనుండి చెబుతున్నట్టే ఉంది. చాలా రోజుల తర్వాత అంతసేపు ఒంటరితనం గుర్తురాలేదు. అది కూడా పైకి వచ్చాకే తెలిసింది.

రాతిపరుపు అంచు చేతికి తగిలింది. దాని అవతల ఏమీ లేదు. చెయ్యి పెట్టాను, భుజందాకా పోయింది. ఎంత వెడల్పుందో చూద్దామని పక్కకు జరిగాను. అప్పుడు నా ఎడమ కాలు జారి ఆ బొరియలోకి దిగింది. కప్పకాలి రబ్బరు ఆకు ఎక్కడో రాళ్ళ మధ్య ఇరుక్కుంది. కింద పారుతున్న నీళ్ళు దాన్ని లోపలికి గుంజుతున్నాయి. లాగాను, రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. లెక్క పోయింది. గాలి గబగబా పీలుస్తున్నాను, చెవుల్లో నా గుండె చప్పుడే. నడుముకు కట్టిన తాడు గుంజితే అన్న పైకి లాగుతాడు. కాని ఇరుక్కున్న కాలుతో లాగితే ఏమవుతుందో తెలుసు.

అప్పుడు నేను ఏదో ధైర్యం చేశానని చెప్పను. ఇక చేతనైనది అదొక్కటే కాబట్టి చేశాను. లాగడం ఆపేశాను. రాయిని కౌగిలించుకుని పడుకుని, లోపలున్న గాలినంతా చివరిదాకా వదిలాను. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి వగర్పు తగ్గింది. మళ్ళీ తకధిమి మొదటి నుంచీ మొదలుపెట్టాను. మోకాలు మడిచి, చెయ్యి కిందికి పోనిచ్చి, మడమ పట్టీ వెతికి విప్పాను. కాలు వచ్చేసింది. కప్పకాలు అక్కడే ఉండిపోయింది. కాలు బయటపడ్డాక వెంటనే పైకి రావాలనిపించింది. కాని పీల్చడం ఇంకా తేలిగ్గానే ఉంది. మళ్ళీ పాకి, ఆ బొరియ పొడుగు రెండు బారలు, లోతు ఒక బార అని కొలుచుకుని వచ్చాను.

నిచ్చెన ఎక్కి తల పైకి పెట్టేసరికి అన్న ముఖం పాలిపోయి ఉంది. "ముప్పై ఎనిమిది నిమిషాలురా! నువ్వు పోయావనుకున్నాను. బుడగలొస్తున్నాయి కాబట్టి లాగలేదు" అన్నాడు. వెనక కడ్డీ లాగే అవసరమే రాలేదు.

ఆ తర్వాత మూడు వారాలు, సిలిండర్లు వచ్చినప్పుడల్లా దిగాను. ఇసక, సిమెంటు కలిపి చిన్న చిన్న గోతాల్లో కుట్టి తాడుమీద దించితే, ఒక్కొక్కటే బొరియలో పేర్చాను. నీళ్ళు తగిలి అవి అక్కడే గట్టిపడిపోయాయి. చివరికి వెదురు గడ దింపితే టక్కుమంది. ఓవర్సీరు గారు నా భుజం తట్టి జీపెక్కి వెళ్ళిపోయారు. దిగువ ఊళ్ళకు నీళ్ళు ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆగలేదు కాబట్టి ఏదో జరిగిందని కూడా అక్కడివాళ్ళకు తెలియలేదు. కేకలేసిన ఆ రైతు ఒకనాడు ఎడ్లబండి మీద పోతూ, "ఏమయ్యా, తలుపు ఇంకో రెండు పళ్ళు ఎత్తకూడదూ?" అని అడిగాడు. ఎత్తాను.

పనంతా అయ్యాక ముసలాయనకు చెప్పాలని చూస్తే, అతను కనబడటం మానేశాడు. ఇంటికి వెళితే తాళం వేసి ఉంది. ఒంట్లో బాగాలేక కూతురు తీసుకుపోయిందన్నారు. ఆ ఆదివారం నిడుబ్రోలులో రైలెక్కి చీరాల వెళ్ళాను. సందునిండా మగ్గాల చప్పుడు. ఒక పెంకుటింటి వసారాలో మంచంమీద ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి, "రా అబ్బాయ్, బుడగలెలా ఉన్నాయి?" అన్నాడు.

జరిగినదంతా చెప్పాను. నా జీవితంలో ఒక మనిషికి అంతసేపు ఏదైనా చెప్పడం అదే మొదలు. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. కాలు ఇరుక్కున్నచోట ఆపాడు.

"అక్కడ లెక్క తప్పావా?"

"తప్పాను తాతా."

"ఎక్కడినుంచి ఎత్తుకున్నావు?"

"మొదటి నుంచే."

"మంచిపని చేశావు. తప్పినచోటినుంచి ఎత్తుకుందామని చూస్తే ఎప్పటికీ దొరకదు." కళ్ళు తెరిచి, "ఇంట్లో ఎవరున్నారు ఇప్పుడు నీకు?" అన్నాడు.

"ఎవరూ లేరు."

అతను నా చెయ్యి తీసుకుని తన పొట్టమీద పెట్టుకున్నాడు. ఆ చిక్కిన పొట్ట ఎంత నిదానంగా లేస్తోందో, అంతకంటే నిదానంగా దిగుతోంది. కూతురు మజ్జిగ తెచ్చేదాకా అలాగే కూర్చున్నాం. సంక్రాంతి దాటాక అతను పోయాడని కార్డు వచ్చింది. అది నాకు అందేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆ రోజు గోడ దగ్గర తలుపుల చక్రాలకు గ్రీజు పెడుతూ ఎవరితోనన్నా చెబుదామనుకున్నాను. అన్న సెలవులో ఉన్నాడు.

ఇంకో నాలుగేళ్ళు ఒక్కణ్ణే దిగాను. ఒకే సిలిండరు గంట దాకా వచ్చేది. పారుడు నీళ్ళలో అంతసేపు ఎలా ఉంటావని పైవాళ్ళు అడిగితే, నెమ్మదిగా ఉంటానండీ అనేవాణ్ణి. అరవైల చివర్లో కొత్తపట్నం నుంచి ఒకతనికి పని నేర్పించి నాకు జతగా వేశారు. చేపలు పట్టే ఇంటివాడు, ముప్పై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. కబుర్లు ఎక్కువ. కలిసి దిగిన మొదటిరోజు, దిగడానికి ఐదు నిమిషాల ముందుదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. అడుగున ఆ ఎర్రనీళ్ళలో నేను రాయి తడుముకుంటూ ఉంటే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా భుజం పట్టుకుంది. అతను వస్తున్నాడని తెలుసు. అయినా ఒళ్ళు జల్లుమంది. ఇన్నేళ్ళలో నీళ్ళ అడుగున ఇంకో మనిషి నన్ను తాకడం అదే మొదటిసారి. భుజంమీద రెండుసార్లు తట్టాడు, నేను ఇక్కడే ఉన్నాననడానికి. నేను కూడా చెయ్యి చాచి అతని చెయ్యి వెతికి తట్టాను. ఆ రోజు నా ఊపిరి ఎంత సర్దుకుందామన్నా సర్దుకోలేదు. అతని కంటే ముందు నా సిలిండరే అయిపోయింది.

గట్టుమీదికి వచ్చాక, "ఏందన్నా, నీది గంట వస్తదని చెప్పారు గదా?" అని నవ్వాడు.

"ఇవాళ రాలేదు" అన్నాను.